ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క ప్రశ్న

2025 ఆగస్టులో ఒక శనివారం పొద్దున్నే వైజాగ్‌లో కిరండూల్ పాసింజర్ ఎక్కాను. బోగీ నిండా అరకు వెళ్లే కుర్రాళ్లే. బొర్రా గుహలు, బొంగు చికెన్, రీల్స్ అంటూ ఒకటే గోల. వాళ్లు అటు కొండెక్కితే నేను శృంగవరపుకోటలో దిగిపోయాను. నా బ్యాగులో ఒక స్క్రూడ్రైవరు, విండోస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్, బోలెడంత ధీమా ఉన్నాయి.

ముందురోజు రాత్రి మా అప్ప ఫోన్ చేసింది. ఇంటి ముందు గదిలోనే ఆమెకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. “ఒరే తమ్ముడూ, సిస్టమ్ ఏటో అయిపోనాదిరా. ఆన్ అవుతాది, పది నిమిషాలకి నీలం స్క్రీన్ వచ్చీసి ఆరిపోతాది. మెకానిక్ వచ్చి మదర్‌బోర్డు పోయింది, ముప్పై వేలు పెట్టి కొత్తది తీసుకో అన్నాడు. చీటీ పాడీమంటావేటి?” అంది.

శ్రావణ మాసం, పెళ్లిళ్ల రోజులు. శుభలేఖలు కంప్యూటర్‌లో ఉన్నాయి, డబ్బు ఆ శుభలేఖల్లో ఉంది. “ఏం పాడొద్దు, రేపొస్తన్నాను” అన్నాను హీరోలా.

ఆ సిస్టమ్ మూడో తరం ఐ3. రెండు 2 జీబీ ర్యామ్ స్టిక్కులు, 32 బిట్ విండోస్ 10. పక్కన కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పన్నెండేళ్లుగా ఇంటి ఖర్చులు లాగుతున్న బండి. ఆన్ చేశాను. తేదీ 2012 అని చూపిస్తోంది. ఏ వెబ్‌సైట్ తెరిచినా ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అంటోంది. కాసేపటికి నీలం స్క్రీన్. అందులో గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ నీలం స్క్రీన్, ఈసారి ఫైల్ సిస్టమ్ డ్రైవర్ పేరు. మూడోసారి ఇంకేదో.

“విండోస్ పాడైంది” అని తీర్పు చెప్పేశాను. పెన్‌డ్రైవ్ గుచ్చి, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, 64 బిట్ విండోస్ ఎక్కించడం మొదలెట్టాను. అప్ప టీ పట్టుకొచ్చి మానిటర్ వైపు చూసింది.

“డెస్క్‌టాప్ మీద పెట్టీసినవి ఏవిరా?”

డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఆమె దాచుకున్న శుభలేఖల డిజైన్లు, రబ్బరు స్టాంపుల నమూనాలు, ఊళ్లో సగం షాపుల బిల్లు బుక్కులు అన్నీ అక్కడే ఉన్నాయట. టీ గ్లాసు నా చేతిలోనే చల్లారిపోయింది.

ఇంతకీ ఫార్మాట్ వల్ల రోగం తగ్గిందా అంటే, అదీ లేదు. కొత్త విండోస్ ఎక్కుతూనే సగంలో మళ్లీ ఆగిపోయింది. అప్పుడు వెలిగింది నాకు బల్బు.

మీరు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నీలం స్క్రీన్‌లో ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తుంటే ముందు ఆ డ్రైవర్‌ని అనుమానించాలి. ప్రతిసారీ వేరే పేరు వస్తుంటే చూపు ర్యామ్ వైపు తిప్పాలి. ర్యామ్‌లో చోటు పాడైతే ఆ క్షణంలో అక్కడ ఏ డ్రైవర్ కూర్చుంటే అది పడిపోతుంది. నేరం ఒకరిది, పేరు ఇంకొకరిది. నీలం స్క్రీన్ నాకు మూడుసార్లు మూడు పేర్లు చూపించింది. నేను ఒక్కసారీ సరిగ్గా చదవలేదు.

అప్పుడు మొదలెట్టాను అసలు పని. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు పోగొట్టాను. క్యాబినెట్ ఇనుము ముట్టుకుని ఒంట్లోని స్టాటిక్ వదిలించుకున్నాను. లోపల దుమ్ము వానాకాలం చెమ్మకు అట్టకట్టి ఉంది. ర్యామ్ స్టిక్కులు తీసి, మేనల్లుడి పెన్సిల్ బాక్సులోని రబ్బరుతో బంగారు రంగు పళ్లను మెల్లగా తుడిచాను. తర్వాత ఒక్కో స్టిక్కునే పెట్టి మెమ్‌టెస్ట్86 నడిపాను. మొదటిది ఒక్క తప్పు లేకుండా గట్టెక్కింది. రెండోది పెట్టిన కాసేపటికే తెర మీద ఎర్ర గీతలు. అదే స్టిక్కును పక్క స్లాట్‌లో పెట్టినా అదే వరస. అంటే స్లాట్ మంచిదే, స్టిక్కే పోయింది. మదర్‌బోర్డు నిక్షేపంగా ఉంది.

ఒకసారి ఒక్కటే మార్చాలి అనేది ఇందుకే. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు, దేనివల్ల చెడిందో కూడా తెలియదు.

తేదీ గొడవ వేరే. మదర్‌బోర్డు మీద నాణెంలాంటి సీఆర్ 2032 బ్యాటరీ ఉంటుంది. అది 3 వోల్టులది. అది చచ్చిపోతే ప్లగ్ తీసినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి కాబట్టి, 2012లో ఉన్న కంప్యూటర్‌కు ఇవాళ్టి సైట్లన్నీ దొంగల్లాగే కనిపిస్తాయి. బ్యాటరీ మార్చే ముందు బయాస్ సెట్టింగుల పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బ్యాటరీ తీసినప్పుడు సెట్టింగులు మొదటికొచ్చి హార్డ్‌డిస్క్ మోడ్ మారిపోతే, బాగున్న విండోస్ కూడా లేవనని మొరాయిస్తుంది. అప్పుడు ఆ ఫొటోయే దిక్కు.

ఇక డ్రైవర్లు. విండోస్ ఎక్కింది గానీ నెట్ లేదు. డివైస్ మేనేజర్‌లో ఈథర్‌నెట్ కంట్రోలర్ పక్కన పసుపు గుర్తు, లోపల కోడ్ 28. అంటే డ్రైవర్ లేదని. నెట్ లేకుండా నెట్ డ్రైవర్ ఎలా తేవాలి? మీ జేబులోనే ఉంది జవాబు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలా ఫోన్లకు విండోస్ 10 ఏ డ్రైవరూ అడక్కుండా నెట్ అందుకుంటుంది.

తర్వాత పసుపు గుర్తు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిటైల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. అక్కడ ‘వెన్’, ‘డెవ్’ అని రెండు నంబర్లుంటాయి. మొదటిది కంపెనీ, రెండోది చిప్. వెన్ పక్కన 10ఈసీ ఉంటే అది రియల్‌టెక్. ఆ నంబరు పట్టుకుని బోర్డు తయారుచేసిన కంపెనీ సైట్‌లోనో, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్‌లోనో వెతకండి. ‘మీ కంప్యూటర్‌లో 47 డ్రైవర్లు పాతబడ్డాయి’ అని భయపెట్టే ప్రకటనల జోలికి పోకండి.

ప్రింటర్‌తో మాత్రం నా పాపం నన్నే పట్టుకుంది. పాత విండోస్ 32 బిట్, నేను ఎక్కించింది 64. అప్ప దాచుకున్న డ్రైవర్ సీడీ ఇక పనికిరాదు. ఇదే ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ కెనాన్ సైట్‌లో విడిగా దొరికింది. నేను ఫార్మాట్ కొట్టకపోతే ఈ గంట పని ఉండేదే కాదు.

ఫైళ్ల సంగతి చెప్పాలి. పాత హార్డ్‌డిస్క్ తీసి ఇంకో సిస్టమ్‌కి తగిలించి రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపాను. ఫార్మాట్ చేసిన డిస్క్‌లో కొత్తగా ఏదీ రాయకపోతే పాతవి చాలావరకు దొరుకుతాయి. నేనేమో దాని మీదే విండోస్ ఎక్కించాను. సగం దొరికాయి, పేర్లు లేకుండా. మిగతా సగంలో కొన్నింటి పీడీఎఫ్‌లు కస్టమర్ల వాట్సాప్‌ల్లో ఉన్నాయి. అప్ప రెండు రోజులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, “బాబూ, అప్పుడు పంపిన కార్డు ఓపాలి తిరిగి పంపండి” అని అడుగుతుంటే పక్కన కూర్చుని వినడం నాకు పడిన శిక్ష. సెకండ్‌హ్యాండ్ 4 జీబీ ర్యామ్ డబ్బులు నేనే ఇచ్చాను. అదేమంత గొప్ప కాదు, పోయిన డిజైన్ల ముందు.

సిస్టమ్ బాగైంది. అయినా అప్పకు ఒక నిజం చెప్పాల్సి వచ్చింది. అప్పటికి ఇంకా వస్తున్న విండోస్ 10 మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలంటోంది మైక్రోసాఫ్ట్. లైనక్స్ వేద్దామంటే పేజ్‌మేకర్ దానికోసం రాసింది కాదు. జనం ఆధార్ కార్డులు, ఓటీపీలు తెచ్చేది ఈ షాపుకే. అప్‌డేట్లు లేని సిస్టమ్‌లో వాటిని తెరవడం వాళ్లకు చేసే అన్యాయం.

అప్ప ఒక్క నిమిషం ఆలోచించింది. “అయితే దీనికి నెట్ పీకీ. కార్డులు ఇందులో కొడతాను. ఆన్‌లైన్ పనులకి పిల్లడి లాప్‌టాప్ ఉంది కదా” అంది. ఇంతకంటే మంచి సలహా నా దగ్గరా లేదు. చీటీ పాట ఆగింది.

మీ ఇంట్లోనూ మూలన ఇలాంటి సీపీయూ ఒకటి ఉండే ఉంటుంది. బాగుచేయండి, భయపడకండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా అందులో కరెంటు దాగి ఉంటుంది. మిగతాదంతా ఓపిక పనే. కానీ స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు ఎదుటి మనిషిని అడగండి, “నీ ఫైళ్లు ఎక్కడున్నాయి?” అని.

మొన్న వెళ్లినప్పుడు చూశాను. అప్ప తాళం గుత్తికి ఒక పెన్‌డ్రైవ్ వేలాడుతోంది. ప్రతి ఆదివారం అన్నీ అందులోకి కాపీ చేస్తోందట. క్యాబినెట్ మీద శుభలేఖ అట్టముక్క ఒకటి అతికించి ఉంది. దాని మీద అను ఫాంట్‌లో పెద్దక్షరాలు: ‘యజమానిని అడగకుండా ఫార్మాట్ చేయరాదు’. కింద చిన్నక్షరాల్లో: ‘తమ్ముళ్లకు కూడా వర్తిస్తుంది’.