తొందరపడితే వగరు, దాచేస్తే చప్పన

అక్టోబరు వస్తే ఇటలీలోని పీడ్‌మాంట్ కొండల్ని పొగమంచు కమ్మేస్తుంది. అక్కడి రెడ్ వైన్ బరోలోకి ఈ సీజనే సరిజోడు. నెబ్బియోలో ద్రాక్షతో చేసి, కనీసం 38 నెలలు మాగబెట్టాకే అమ్ముతారు. అప్పటికీ పచ్చి అరటికాయ కొరికినంత వగరే! పదేళ్లు దాటాక ఆ వగరు మెత్తబడి, ఎరుపు కాస్తా ఇటుక రంగుకి తిరుగుతుంది.

అలాగని పాతదల్లా గొప్పది కాదు బాస్. చాలా వైన్లు కొన్నేళ్లలోపే తాగెయ్యాలి, దాస్తే చప్పబడతాయి. బరోలోకీ ఓ గడువుంది.

పాత సీసాని ముందురోజే నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకి దిగుతుంది. అంతవరకూ సులువే. ‘మంచి రోజొస్తే తీద్దాం’ అని దాస్తూ పోతే మాత్రం, ఆ రోజు దాటిపోయిందని బిరడా తీశాకే తెలుస్తుంది. నన్నడిగితే, కావాల్సినవాళ్లు నలుగురూ కూడిన సాయంత్రమే మంచి రోజు.