గుడ్డు అడ్డుపడితే...

ప్రశ్న: మా లవ్‌బర్డ్స్‌లో ఆడదానికి ఈకలు రాలుతున్నాయి. అయినా కుండలో గుడ్లు పెడుతోంది. కిందటేడు ఒక పిట్ట గుడ్డు అడ్డుపడి చచ్చిపోయింది. దీన్నెలా కాపాడుకోవాలి?
– ఒక పాఠకురాలు, భోగాపురం

జవాబు: ఈకలు రాలడం జబ్బు కాదమ్మా. చర్మం బోడిగా కనబడితేనే అనుమానించాలి. అయితే కొత్త ఈకలకు మాంసకృత్తులు కావాలి, గుడ్డు పెంకుకు సున్నం కావాలి. రెండూ ఒక్కసారే అంటే చిన్నప్రాణి తట్టుకోలేదు. ఇప్పుడున్న గుడ్లు తీసేయకండి, తీస్తే మళ్లీ పెడుతుంది. ఈ విడత అయ్యాక కుండ తీసేసి, మగదాన్ని కొన్నాళ్లు వేరే పంజరంలో ఉంచండి. (మనవైపు లవ్‌బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు ఆస్ట్రేలియా బడ్జీలు. రెంటికీ ఇదే సలహా.)

ఒట్టి కొర్రలు చాలవు. మొలకెత్తిన పెసలు, తోటకూర, కాస్త ఉడికించిన కోడిగుడ్డు పెట్టండి. సున్నానికి సముద్రపు నురుగు మంచిది. పేరుకే నురుగు, నిజానికి అది ఒక సముద్రజీవి లోపలి పెంకు. మీ ఒడ్డున దొరికితే మంచినీళ్లలో నాలుగైదు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఎండబెట్టి పంజరానికి కట్టండి. పొద్దుటి ఎండ కాసేపు తగలనివ్వండి. లేకపోతే తిన్న సున్నం ఒంటికి పట్టదు.

పిట్ట పంజరం అడుగున ఉబ్బి కూర్చుని, తోక ఆడిస్తూ ముక్కుతుంటే గుడ్డు అడ్డుపడిందేమోనని అనుమానించాలి. పొట్ట నొక్కవద్దు. గుడ్డు లోపల పగిలితే ప్రాణానికే ముప్పు. వెచ్చగా ఉంచి, ఆ పూటే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. తెల్లారేదాకా ఆగకండి.