షెడ్డుకి కరెంటు: ఎర్త్ గుంత ఒక్కటే కాపాడదు

ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న వర్క్‌షాప్ పెడుతున్నారా? మిషన్లు కొనే ముందు డీబీ సంగతి చూడండి.

మొదట లోడు లెక్క. ఒకేసారి నడిచేవి కూడండి. కంప్రెసర్ 1500 వాట్లు, గ్రైండర్ 850, లైటూ ఫ్యానూ 150. మొత్తం 2500. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 11 ఆంపియర్లు. కానీ మోటారు స్టార్టయ్యే క్షణంలో తన మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. కాబట్టి 30 మీటర్ల దూరమైతే 6 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేయించి, ఇంటి బోర్డు దగ్గర 25 ఆంపియర్ల సీ టైప్ ఎంసీబీ పెట్టించండి. మీటరు లోడు సరిపోతుందో లేదో కూడా చూసుకోండి.

ఇక అసలు విషయం. ‘షెడ్డు దగ్గర ఎర్త్ రాడ్ కొట్టించాం, భయం లేదు’ అంటుంటారు చాలామంది. ఆ గుంత రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకుందాం. ఫేజ్ వైరు గ్రైండర్ బాడీకి తగిలితే ఆ దారిన పోయేది 23 ఆంపియర్లకి మించదు. ఎండాకాలం నేల ఎండితే ఇంకా తక్కువ. అంటే ఆ ఎంసీబీ పడదు! ముట్టుకున్నవాళ్ల ప్రాణం మీదకొస్తుంది. ఈ లీకేజీని పట్టేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

ఫేజ్, న్యూట్రల్‌తో పాటు ఎర్త్ వైరునీ ఇంటి నుంచే తీసుకెళ్లండి, షెడ్డు గుంతకీ కలపండి. షెడ్డు డీబీలో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ మాత్రం కలపొద్దు. కలిపితే న్యూట్రల్ తెగిన రోజు మిషన్ల బాడీలకి కరెంటు రావచ్చు.

పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. అయ్యాక ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడాలి. పడలేదా? అది మార్పించాకే గ్రైండర్ పట్టుకోండి.