‘వేడి చేసింది’ అంటే ఏ గడిలో రాయాలి?



ఎన్నికలు, పొత్తులు, ప్యాకేజీలు ఈ ఒక్కసారికి పక్కన పెట్టి ఒక కాగితం గురించి మాట్లాడతాను. ఆసుపత్రిలో రోగి చేత సంతకం పెట్టించుకునే అంగీకార పత్రం గురించి. ఇందులో రాజకీయం ఏముందని అనుకునేవారు కాస్త ఓపిక పట్టాలని మనవి.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే ప్రాజెక్టు ఒకటి మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పని అది. పిల్లలు 10 నుంచి 14 ఏళ్ళ వాళ్ళు. వాళ్ళలో చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. 2010 మార్చిలో మహిళల ఆరోగ్యం మీద పనిచేసే సంఘాలవాళ్ళు భద్రాచలం వెళ్ళారు. ఊళ్ళలో, హాస్టళ్ళలో కూర్చుని పిల్లలనీ తల్లిదండ్రులనీ అడిగి తెలుసుకున్నారు. బయటికొచ్చి గొడవ చేశారు. ఏప్రిల్లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌కి సంబంధించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ టీకా మంచిదే. ఆ సమయంలో జరిగిన మరణాలకు బహుశా టీకాతో సంబంధం లేదనే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం కూడా చెప్పింది. నా బాధ టీకాతో కాదు, ఆ 1,948 వేలిముద్రలతో. వేలిముద్ర వేసిన ఆ తల్లికి కాగితంలో ఏముందో ఎవరు చెప్పారు? ఏ భాషలో చెప్పారు? భద్రాచలం చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో మాట్లాడేది కోయ. మన తెలుగు కూడా వాళ్ళకు ఆఫీసు భాషే, మనకు ఇంగ్లీషు ఎలాగో అలాగ!

అది కాగితాల కాలం. ఇప్పుడు తెరల కాలం. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైంది. ఆరోగ్య ఖాతాకి 14 అంకెల సంఖ్య. మన రికార్డు ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్ళాలంటే మన అంగీకారం ఉండాలి. రూపకల్పన బాగుంది. ఈ పనిలో ఉన్నవాడిగా ఆ మాట మనస్ఫూర్తిగా చెప్పగలను. అయితే వేలిముద్ర పోయి ఓటీపీ వచ్చినంత మాత్రాన అంగీకారం వచ్చినట్టేనా? ఇంట్లో ఉన్నది ఒకే ఫోను, అది కొడుకు జేబులో ఉంది అనుకోండి, తల్లి రికార్డుకి ‘సరే’ అనేది ఎవరు? నిన్న వార్డెన్ సంతకం పెట్టిన చోట రేపు ఇంకెవరి ఫోనుకో ఓటీపీ వస్తుంది.

నేను అమెరికాలో ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. రోగి వివరాల్లో ‘ఇష్టపడే భాష’ అని ఒక గడి ఉంటుంది. ప్రమాణాల విషయంలో మనకు లోటేమీ లేదు. తెలుగుకి ‘టీ, ఈ’ అనే రెండక్షరాల సంకేతం ఉంది. కోయకి కూడా ‘కె, ఎఫ్, ఎఫ్’ అని మూడక్షరాల సంకేతం ఉంది. యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే చోటు దొరికింది. అంటే యంత్రం తన వంతు ఎప్పుడో చేసింది. ఆ గడిలో ‘తెలుగు’ అని నింపాక ఏం జరగాలి, ఏ కాగితం రావాలి, ఎవరు మాట్లాడాలి అన్నది యంత్రం పని కాదు. అది మనుషుల పని.

ఉదాహరణ చెబుతాను. ఆరు నెలలు ఉందామని వచ్చిన అమ్మ, క్లినిక్‌లో డాక్టరు “ఏమిటి సమస్య?” అని అడిగితే “వేడి చేసింది” అంటుంది. దీన్ని ఏ గడిలో రాయాలి? జ్వరమా? కాదు. నోట్లో పుండ్లు కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, కళ్ళ మంటలు కావచ్చు. మూత్రంలో మంట అయితే పరీక్ష చేయించాలి, మందు వాడాలి. మాటకి మాట అనువదించే యంత్రం ‘వేడెక్కింది’ అని రాసి ఊరుకుంటే ఆ పరీక్ష జరగదు. అలాగే ‘దమ్ము’. కరీంనగర్ పెద్దాయన “దమ్ము వస్తోంది” అంటే ఊపిరి ఆడటం లేదని అర్థం. గుంటూరు పెద్దాయన అదే బాధను ‘ఆయాసం’ అంటాడు. అదే దమ్ము ఇంకో చోట ధైర్యం, ఇంకో చోట సిగరెట్టు పొగ! “పాణం బాగలేదు” అంటే ప్రాణాపాయం అనుకుని అంబులెన్సు పిలవక్కర్లేదు, అలాగని తేలిగ్గా తీసుకోనూ కూడదు. ఇటునుంచి అటు కూడా ప్రమాదమే. ఇక్కడి డాక్టర్లు ఒక మందును ‘హోల్డ్’ చెయ్యమని రాస్తే కొన్నాళ్ళు ఆపమని అర్థం. నిఘంటువు చూస్తే ‘పట్టుకోండి’, ‘ఉంచుకోండి’ అని ఉంటుంది. రక్తం పలచబరిచే మందు ఆపాల్సిన రోజున వేసుకుంటే ఏమవుతుందో మన డాక్టరు మిత్రులను అడగండి.

ఇదంతా నా ఊహ కాదు. లాస్ ఏంజిలెస్‌లో చేసిన ఒక పరిశోధన 2021లో వెలువడింది. ఎమర్జెన్సీ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సూచనలను గూగుల్ ట్రాన్స్‌లేట్ చేత అనువదింపజేసి, ఆ భాషలు మాట్లాడేవాళ్ళ చేత చూపించారు. స్పానిష్‌లో 94 శాతం అర్థం చెడకుండా వచ్చాయి. ఫార్సీలో 67.5 శాతం, ఆర్మీనియన్‌లో 55 శాతం! అప్పటికన్నా యంత్రాలు ఇప్పుడు బాగుపడ్డాయి, ఒప్పుకుంటాను. కానీ గమనించండి, వాళ్ళు చూసిన భాషల్లో తెలుగు లేదు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని, అన్ని భాషలకన్నా వేగంగా పెరిగింది మనదేనని 2018లో మనం పండగ చేసుకున్నాం. మరి ఆ పరీక్షలో మన భాష ఎందుకు లేదని అడిగిన సంఘం ఏదైనా ఉందా?

చట్టం సంగతి క్లుప్తంగా. ఇంగ్లీషు రానివారికి ప్రభుత్వ సేవలు అందాలని 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో ట్రంప్ రద్దు చేశారు. కానీ ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ వేరే సంగతి. దాని కింద 2024లో ప్రకటించిన నిబంధనల్లో, కీలకమైన పత్రాలను యంత్రం అనువదిస్తే అర్హత ఉన్న మనిషి సరిచూడాలని ఉంది. చిన్నపిల్లల చేత దుబాసీ పని చేయించకూడదని, అత్యవసరమైతే తప్ప, దానికి ముందునుంచే ఉంది. మన ఇళ్ళలో నాయనమ్మకి దుబాసీ ఎవరు? ఆరో క్లాసు చదివే మనవరాలు. నాయనమ్మ తన నెలసరి చరిత్ర గురించి మనవరాలి ముందు చెబుతుందా?

అర్హత ఉన్న మనిషి కావాలంటే ఆ మనిషిని ఎవరో తయారు చెయ్యాలి. అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఇది కోడు రాసేవాళ్ళ పని కాదు, భాష చదువుకున్నవాళ్ళ పని. ఏ మాట ఏ జిల్లాలో ఏ అర్థంలో వాడతారో, సిగ్గుపడే విషయాన్ని మన ఆడవాళ్ళు ఏ మాట చాటున చెబుతారో తెలిసినవాళ్ళు తెలుగు ఎం.ఏ. చేసినవాళ్ళు, మానవ శాస్త్రం చదివినవాళ్ళు, మాండలికాల మీద పరిశోధన చేసినవాళ్ళు. అలాంటి చదువులు చదివిన పిల్లల్ని మన ఇళ్ళలో ఏ దృష్టితో చూస్తామో నేను చెప్పనక్కరలేదు. పెళ్ళి సంబంధాల దగ్గర వినే మాటలు చాలు.

ఒకప్పుడు ఇలా లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్ళు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవాళ్ళు భాషనీ శాస్త్రాన్నీ వేరు వేరు గదుల్లో పెట్టలేదు. కొమర్రాజు లక్ష్మణరావు గారి మండలి చరిత్రలతోపాటు శాస్త్ర గ్రంథాలూ వేసింది. వైద్యుడైన ఆచంట లక్ష్మీపతి గారి చేత జీవశాస్త్రం తెలుగులో రాయించింది. ఇప్పటి మాటల్లో అదొక స్వచ్ఛంద సంస్థ, చందాదారుల డబ్బుతో నడిచింది. మన కాలానికి వస్తే, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు గారు కూర్చుని ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారు చేశారు. అది 2002లో అచ్చయింది. ఎవరి ఆదేశం మీద చేశారు? ఎవరిదీ కాదు. పండితులు తయారు చేసిన పారిభాషిక పదకోశాలూ మనకున్నాయి, వాటి విలువ వాటిదే. కానీ రోగి ‘షుగరు’, ‘బీపీ’, ‘కిడ్నీ’ అంటాడు. అవి ఇప్పుడు తెలుగు మాటలే. వాటిని తీసేసి ‘మధుమేహం’, ‘రక్తపోటు’, ‘మూత్రపిండం’ మాత్రమే రాసిన కరపత్రం అనువదించనట్టే లెక్క. మనకు కావలసింది పండితుల జాబితా కాదు, రోగుల మాటల జాబితా.

ఇక మన సంఘాలు. పాతికేళ్ళ కిందట ఉగాదికి ఏదో స్కూలు కెఫెటీరియాలో కలిసేవారని, తలా ఒక వంటకం తెచ్చేవారని, భోజనాలయ్యాక మీటింగు పెట్టి మినిట్స్ రాసేవారని పెద్దలు చెబుతుంటారు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది. దాన్ని తక్కువ చెయ్యను. ఎవరైనా కుర్రాడు ప్రమాదంలో పోతే ఒక్క రాత్రిలో డబ్బు పోగు చేసి ఇంటికి పంపిస్తున్నాం. పాత సంఘం వల్ల అయ్యే పని కాదది. కానీ గ్రూపుకి కోశాధికారి ఉండడు, మినిట్స్ ఉండవు, వచ్చే ఏడాది అంటూ ఉండదు. ఒక్క రాత్రిలో అయ్యే పని అద్భుతంగా చేస్తుంది. మూడేళ్ళు పట్టే పని తలకెత్తుకోలేదు. రోగుల మాటల జాబితా మూడేళ్ళు పట్టే పని. సరిగ్గా ఇప్పుడే, నెమ్మదిగా చెయ్యవలసిన పని ఒకటి మన మీద పడిన సమయంలోనే, నెమ్మదిగా పనిచేసే సంఘాలు మనకు లేకుండా పోతున్నాయి. పెద్ద సంఘాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కన్వెన్షన్‌కి ఏ హీరోయిన్ని పిలవాలన్నది తేలాక మిగతా అజెండాకి సమయం ఉంటే మంచిదే.

వెటకారం పక్కన పెడితే, చెయ్యగలిగినవాళ్ళు లేకపోలేదు. సిలికానాంధ్ర వాళ్ళకు ఇక్కడ 2007 నుంచి మనబడి ఉంది, అక్కడ కూచిపూడిలో ఆసుపత్రి ఉంది. భాష చెప్పే గురువులూ, రోగిని చూసే డాక్టర్లూ ఒకే సంస్థ నీడలో ఉన్న చోటు. మొదటి జాబితాకి ఇంతకన్నా అనువైన చోటు ఎక్కడ దొరుకుతుంది?

అటు మన రెండు రాష్ట్రాల్లో అడగాల్సింది కూడా ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. పేరు మీద జరిగినంత తగువు ఫారంలో భాష మీద జరగలేదు. పథకంలో చేరిన ప్రతి ఆసుపత్రీ అంగీకార పత్రం, డిశ్చార్జి కాగితం తెలుగులో ఇవ్వాలని, ఇవ్వకపోతే బిల్లు ఆపాలని షరతు పెట్టడానికి ప్రభుత్వానికి అడ్డేమిటి? అధికార భాషా చట్టం 1966 నాటిది. రోగికి తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదే సరైన అంగీకారమని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. అర్థం కాని భాషలో ఇచ్చింది సమాచారం ఎలా అవుతుంది? ఆసుపత్రి గుమ్మంలో కూర్చునే ఆరోగ్యమిత్రలు రోజూ ఈ అనువాదమే నోటితో చేస్తున్నారు. వాళ్ళ దగ్గరున్న మాటలు ఎవరైనా రాసిపెడితే సగం జాబితా అక్కడే తయారవుతుంది. భద్రాచలం వైపు కోయ, అరకు వైపు అక్కడి గిరిజన భాషలు కూడా అందులో చేరాలి. తెలుగు కోసం అడిగే మనం ఆ మాట మరిచిపోతే మన న్యాయం అక్కడితో ఆగిపోయినట్టే.

ఖర్చు? ఇద్దరు తెలుగు పట్టభద్రులకు, ఒక మాండలిక పరిశోధకుడికి మూడేళ్ళ జీతం. మన డాక్టర్లు వారాంతంలో కొన్ని గంటలు. జాబితా ఎవరి సొత్తూ కాకుండా అందరికీ ఉచితంగా ఉండాలి, ఏ కంపెనీ అయినా తన యంత్రానికి నేర్పుకునేలా. సాఫ్ట్‌వేర్ వైపు పని నాలాంటి వాళ్ళం పది మందిమి ఊరికే చేసిపెడతాం.

వచ్చే కార్యవర్గ ఎన్నికల్లో ఓటు అడగడానికి మీ ఇంటికి ఫోను చేసే అభ్యర్థిని ఇది ఒక్కటి అడగండి: మీ బడ్జెట్‌లో ఈ పనికి ఎంత పెడతారు? రాతపూర్వకంగా చెప్పమనండి. ఎవరేం చెప్పారో నాకు రాస్తే, పేర్లతో సహా ఇక్కడే ప్రకటిస్తాను.