పోకర్ నేర్చుకోవాలా? ఫోన్ పక్కన పెట్టండి!

ఫ్రెండ్స్, ఈసారి రివ్యూ కాదు, నా అభిప్రాయం. డబ్బు పెట్టి ఆన్‌లైన్ పోకర్ ఆడటం తెలంగాణలో 2017 నుంచే నిషేధం. అయినా మా జనగామ దోస్తు ఒకడు బీటెక్‌లో ఫేక్ జీపీఎస్ యాప్ వేసుకుని ఆడి, సెమిస్టర్ ఫీజు పోగొట్టుకున్నాడు.

వాడికి తెలిసింది పండక్కి ఆడే మూడు ముక్కలాటే. అందులో కలర్ కంటే సీక్వెన్స్ పెద్దది. పోకర్‌లో రివర్స్! ఐదు కార్డుల సీక్వెన్స్ 10,200 రకాలుగా పడితే, కలర్ 5,108 రకాలుగానే పడుతుంది. అరుదుగా పడేదే పెద్దది. లాజిక్ ఇంతే.

2025లో ఆన్‌లైన్ డబ్బులాటలను నిషేధిస్తూ కేంద్ర చట్టం కూడా వచ్చింది. మరి ఫ్రీ చిప్స్ యాప్‌లో నేర్చుకోవచ్చా? నేనైతే వద్దంటా. చిప్స్ అయిపోతే మళ్లీ ఇస్తారు కాబట్టి అందరూ ఊరికే ఆల్ ఇన్ కొట్టేస్తారు. ఫోల్డ్ చేయడం, అంటే ముక్కలు పడేసి తప్పుకోవడం, అక్కడ అలవాటు కాదు. పోకర్‌లో మొదటి పాఠమే అది.

నలుగురు కూర్చోండి. ఒక పత్తాల కట్ట, మనిషికి 50 చింతగింజలు చాలు. చేతిలో 2 కార్డులు, మధ్యలో 5. మొత్తం ఏడింట్లో బెస్ట్ ఐదే మీ ఆట. గింజలు అయిపోతే ఆ రాత్రికి బంద్, అప్పు లేదు.

మా దోస్తు ఇప్పుడు ఇలాగే ఆడుతున్నాడు. ఫోల్డ్ చేయడం బాగానే వచ్చింది. ఫీజు మాత్రం తిరిగి రాలేదు.