సీటు దక్కింది, చదువు దక్కాలి

2006లో సచార్ కమిటీ ముస్లింల విద్యా వెనుకబాటును లెక్కలతో సహా దేశం ముందుంచింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 4 శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తోడై ఆటో డ్రైవర్ల, మెకానిక్‌ల, చిరు వ్యాపారుల బిడ్డలు ఇంజనీరింగ్ కళాశాలల గడప తొక్కారు. అయితే ప్రైవేటు కొలువుల దారిలో రిజర్వేషన్ కళాశాల గేటు వరకే. ప్రైవేటు కంపెనీ గేటు దగ్గర చెల్లేది నైపుణ్యం ఒక్కటే. కాబట్టి సీటిచ్చి నైపుణ్యం నేర్పకపోవడం హక్కును సగంలో కాజేయడమే.

ఆ లోటు డిజిటల్ విద్యతో తీరుతుందని యాజమాన్యాలు నమ్మబలుకుతున్నాయి. ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్, స్వయం వేదికల ద్వారా కర్నూలుకూ నిజామాబాదుకూ ఉచితంగా అందడం మేలే. మన పేచీ ఆ పాఠంతో కాదు, దాన్ని సాకుగా చూపి అధ్యాపకుణ్ణీ ప్రయోగశాలనూ ఎగవేసే కళాశాలలతో.

పాఠం వినడానికి ఫోను చాలు. ప్రోగ్రాం రాసి, తప్పులు పట్టి, సరిదిద్దుకోవడానికి కంప్యూటర్ కావాలి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట చెల్లెలి వంతు చివరికి గానీ రాదు. ఉద్యోగ పరీక్షలో సర్టిఫికెట్ల కట్ట అక్కరకు రాదు. గడువులోగా కోడ్ రాయాలి, అలా ఎందుకు రాశావంటే ఇంగ్లీషులో వివరించాలి. ఉర్దూ మీడియం నుంచి వచ్చిన విద్యార్థికి ఆ సాధన చేయించేది వీడియో కాదు, ఎదుట నిలిచి ప్రశ్నించే గురువు.

ఇది మనం దయచేయమని అడుగుతున్నది కాదు. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవవచ్చని 2021లో యూజీసీ అనుమతించింది. ఆ నిబంధనలే కంప్యూటర్లు, ప్రయోగశాలలు ఉచితంగా, చాలినన్ని సమకూర్చాలనీ, మార్గదర్శకుడిగా ఒక అధ్యాపకుణ్ణి నియమించాలనీ కళాశాలలను ఆదేశించాయి. అనుమతిని వాడుకుని బాధ్యతను వదిలేయడం ఏ న్యాయం?

"పిల్లలే శ్రద్ధ పెట్టరు" అనేవారు ముందు ల్యాబు తలుపులు తెరవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునే ప్రతి కళాశాల ల్యాబు వేళలను, బోధకుల వివరాలను, ఉద్యోగాలు పొందినవారి సంఖ్యను ప్రకటించేలా ప్రభుత్వం శాసించాలి. తల్లిదండ్రులారా, కళాశాలకు వెళ్లి హాజరు శాతంతో సరిపెట్టుకోకండి. మీ బిడ్డ వారానికి ఎన్ని గంటలు కంప్యూటర్ ముందు కూర్చుంటోందో అడగండి. జమాత్ పెద్దలారా, పెళ్లిళ్లు లేని రోజుల్లో షాదీఖానాల్లో పది కంప్యూటర్లు పెట్టించి, ఉద్యోగాల్లో స్థిరపడిన మన ఇంజనీర్లను సాయంత్రాలు రప్పించండి. అది కళాశాల బాధ్యతకు బదులు కాదు. ఆ బాధ్యత నెరవేరేదాకా మన పిల్లల నాలుగేళ్లు వృథా పోకుండా కాచుకోవడం.