పడదనుట పాపమా?

మన తెలుగున "పడదు" అను చిన్న మాట యొకటి కలదు. ఎండ పడదు, నీరు పడదు, ఆ యూరి గాలి పడదు అన్నచో ఎవరును ఆక్షేపింపరు. కాని భోజనపంక్తిలో గూర్చుండి "నాకు పాలు పడవు", "నాకు గోధుమ పడదు" అని యొకరు పలికినంతనే వడ్డించువారి మొగములు మాఱును. అతిథి యనినచో నాజూకందురు. పిల్లవా డనినచో మారామందురు. కోడలనినచో పుట్టినింటివారు నేర్పిన వగలందురు.

అన్నము పెట్టుటలో మనవారికి గల ఔదార్యమును నేను తక్కువ చేయను. కాని ఎదుటివాని కడుపు నడుగక తన గరిటెనే చూచుకొను ఔదార్యము హింసగా మాఱును. తిండి పడకపోవుట తినువాని దోషము కాదు. ఆ సంగతి తెలిసికొన నొల్లకపోవుట ఇంటిల్లిపాది దోషము. కావున బోధింపవలసినది రోగి కొక్కనికి గాదు, కుటుంబమున కంతటికి. ఇట్టివారి కొఱకు కుటుంబసమేతముగ హాజరగు పోషకాహార శిబిరములు మన కొత్తవలసవంటి యూళ్లలో జరుపవలె నని నేను వాదించుటకు ఇదియే కారణము.

మొదట పాల సంగతి. పాలలో లాక్టోజు అను చక్కెర యున్నది. దానిని జీర్ణము చేయుటకు చిన్నప్రేగులో లాక్టేజు అను ద్రవ్యము ఊరవలెను. చంటిబిడ్డలలో నిది సమృద్ధిగ నుండును. తల్లిపాలు మానిన పిదప చాలమందిలో క్రమముగ తగ్గిపోవును. ప్రపంచమందలి పెద్దవారిలో సుమారు మూడింట రెండువంతుల మంది ఇట్టివారే యని వైద్యుల లెక్క. మన దేశమున ఉత్తరాదికంటె దక్షిణాదిని వీరెక్కువ. గ్లాసెడు పాలు త్రాగి కడుపుబ్బి విరేచనములగుట వీరికి వగలు కాదు, దేహస్వభావము. వీరిలో పలువురికి పెరుగు, మజ్జిగ సరిపడును. ఏలనన తోడుపెట్టిన పాలలోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత హరించును. మందు మన కుండలోనే యుండగా, బలవంతముగ పాలు పోసి పిదప అంగడిలో మాత్రలు కొనుట యెందుకు?

దీనికిని, దేహపు రక్షణశక్తియే తిండిపై తిరుగబడు జబ్బుకును భేదము తెలియవలెను. దానిని వైద్యులు అలర్జీ యందురు. లాక్టోజు పడనివాడు చెంచాడు పాలు త్రాగినను ప్రాణభయము లేదు. పాలు, గ్రుడ్డు, వేరుసెనగ, రొయ్య మున్నగువానిలో ఏదేని యలర్జీ గలవానికి ఒక్కొక్కప్పుడు ఆ చెంచాడే చాలును. ఒడలు దద్దుర్లెక్కి, గొంతు వాచి, ఊపిరాడక ప్రాణముపైకి రావచ్చును. "ఒక్కముద్ద రుచి చూడు, ఏమి కాదు" అని బుజ్జగించు ప్రేమ ఎంతటి ప్రమాదమో ఆలోచింపుడు.

గోధుమ సంగతి మరియొకటి. గోధుమ, యవలు, రై అను ధాన్యములలో గ్లూటెన్ అను జిగురు మాంసకృత్తు గలదు. సీలియాక్ వ్యాధి గలవారిలో ఇది ప్రేగు లోపలి పొరను పాడుచేయును. ఎంత తిన్నను ఒంటబట్టదు, పిల్ల లెదుగరు, రక్తము క్షీణించును. విల్లెం డికె అను హాలండు శిశువైద్యునకు గోధుమపై ముందే యనుమాన ముండెను. 1944-45 శీతకాలమున యుద్ధపు కరవుచే ఆ దేశమున రొట్టె కరవయ్యెను. ఎల్లరును చిక్కిపోవుచుండగా ఈ జబ్బు పిల్లలు తేఱుకొనిరి. రొట్టె మరల దొరకగనే మరల మంచము పట్టిరి. దీనికి నేటికిని గోధుమ మొదలగువానిని జీవితాంతము విడుచుటయే చికిత్స.

తిన్నది ఒంటబట్టని బాధ తెలుగువారికి క్రొత్త గాదు. సంగ్రహణి యను వేఱొక ప్రేగు జబ్బునకు సోదరులను బలియిచ్చి, తానును దానిచే బాధపడిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు (1895-1948) అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లపు తయారీకి సారథ్యము వహించిరి. ఆయన కడుపు బాధను నుదుటివ్రాత యని యూరకొనలేదు. దాని మూలము వెదకెను. మనము వెదకుట మాట యటుండ, వినుటకైనను సిద్ధముగ లేము.

జబ్బు ఒకరిది, వంటిల్లు అందఱిది. గోధుమ పడని పిల్లవాని తల్లి చపాతి మాన్పించి నిశ్చింతగ నుండును. కాని పులిహోరలో వేసిన ఇంగువ మాట? అంగడిలో దొరకు కూటింగువలో తఱచుగ గోధుమపిండి కలిసియుండును. బొంబాయి రవ్వ గోధుమదే. చుట్టములు ప్రేమతో తెచ్చిన మాడుగుల హల్వా గోధుమపాలతో చేసినదే. పూరీలు వేచిన నూనెలోనే గారెలు వేయుదురు. పిండిమరలో గోధుమలు ఆడించిన వెంటనే చోళ్లు పోసిన, ఆ చోడిపిండియు శుద్ధముగ నుండదు. ఇన్ని మెలకువలు ఎనిమిదేండ్ల పిల్లవాడు తెలిసికొనునా? సరుకులు తెచ్చు తండ్రి, వంట చేయు తల్లి, ఇంటి పెత్తనము గల నాయనమ్మ - అందఱును తెలిసికొనవలెను.

ఇక స్త్రీల మాట. ఇంటిలో చివర తినునది ఆమె. మిగిలినది తినునది ఆమె. పడలేదని చెప్పుటకు జంకునదియు ఆమెయే. కడుపు చించుకొన్న కాళ్లపై బడునని మౌనము వహించును. గర్భవతి పాలు త్రాగవలె నని అంగన్వాడీలోను చెప్పుదురు, ఇంటిలోను చెప్పుదురు. పడని స్త్రీ త్రాగితినని తల యూపి చాటుగ పాఱబోసిన, ఆ తప్పెవరిది? "నీకు పడుచున్నవా, అమ్మా?" అని యొకరు అడిగియుండిన మజ్జిగయో, గ్రుడ్డో, చోడి అంబలియో ఆమె కడుపున పడియుండును గదా!

ప్రభుత్వమును తలపెట్టిన మేలు లేకపోలేదు. 1975లో అంగన్వాడీల పథకము మొదలయ్యెను. 2018 నుండి సెప్టెంబరున పోషకాహార మాసము జరుపుచున్నారు. మన రాష్ట్రపు బడిపిల్లల భోజనమున 2020లో వేరుసెనగ చిక్కి, 2023లో రాగి జావ చేరినవి. అన్నియు మంచివే. కాని పట్టిక ఒక్కటే, కడుపులు వేఱు. చిక్కి చేతికిచ్చుటకు ముందు "వేరుసెనగ పడునా?" అని యడిగి వ్రాసికొను గడి ప్రతి బడి పుస్తకమునందును ఉండవలెను. పొట్లములపై గోధుమ, పాలు, వేరుసెనగ మున్నగువాని పేరు ప్రకటింపవలె నని 2020 నాటి లేబులు నిబంధనలు విధించినవి. అయితే ఆ వ్రాత ఇంగ్లీషునగాని హిందీనగాని యుండిన చాలును. తెలుగు తప్పనిసరి కాదు. తెలుగుమాత్రమే చదువగల తల్లికి ఆ హెచ్చరిక గుడ్డివానికి చూపిన దీపము.

"మా తాతలు రాళ్లు తిని అరిగించుకొనిరి, ఈ జబ్బు లెక్కడివి?" అని కొంద ఱందురు. మీ తాతలు తిన్నది చోడి అంబలి, తరవాణి, చల్ల; మైదా బిస్కట్టులు కావు. మఱియు చిక్కి శల్యమై చనిపోయిన ఆనాటి బిడ్డలకు బాలారిష్ట మనియు, దిష్టి యనియు పేరు పెట్టితిమి. బ్రదికిన తాతలే సాక్ష్యము చెప్పుచున్నారు. పోయిన బిడ్డలు చెప్పలేరు.

దీనికి ఎదురు పక్షమువారి మూఢత్వమును తక్కువది కాదు. పరీక్ష లేకయే గోధుమ మానుట, పాలు మానుట, ఖరీదైన పొట్లములు కొనుట యొక వేడుకయైనది. పరీక్షకు ముందే గోధుమ మానిన సీలియాక్ వ్యాధి రక్తపరీక్షలో దొరకకపోవచ్చును. రక్తమున ఐజీజీ కొలిచి పడని తిండ్ల పట్టిక లమ్మువారు గలరు. అలర్జీ వైద్యుల సంఘములు ఆ పరీక్షను అంగీకరింపలేదు. దానిని నమ్మి ఎదుగు పిల్లల పళ్లెము ఖాళీచేయుట ఘోరము. ఒకటి మాన్పించినప్పుడు దానికి బదులు చూపవలెను. గ్లూటెన్ లేని ధాన్యము లెక్కడనో లేవు. వరి మన పొలములలో నున్నది. చోళ్లు, సామలు కొత్తవలస నుండి అరకు మీదుగ కిరండూలు పోవు రైలుమార్గపు కొండలలో నున్నవి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము గలదు. చిరుధాన్యములపై పరిశోధన చేయు కేంద్రము విజయనగరముననే యున్నది.

అమెరికాలో గోధుమ పడని పిల్లలకు ప్రత్యేకముగ వేసవి శిబిరములు నడపుచున్నారు. అక్కడ పిల్లవాడు భయము లేక, ఎవరిని అడుగక, అందఱితో సమముగ పంక్తిలో తినును. మనకు అంత ఆర్భాట మక్కఱలేదు. బడి ఆవరణలో ఒకనాడు చాలును. వైద్యు డొకరు, పోషకాహారము తెలిసినవా రొకరు, అంగన్వాడీ కార్యకర్తలు. ఒక పొయ్యి, నాలుగు పాత్రలు. రోగి యొంటరిగ వచ్చిన లాభము లేదు; అత్తగారును భర్తయు వెంట రావలెను. పొట్లముపై వ్రాతను తెలుగున విప్పిచెప్పవలెను. పరీక్ష కెవరిని పంపవలెనో నిర్ణయింపవలెను. ఏ వస్తువును అచ్చట అమ్మరాదు. మధ్యాహ్నమున అందఱికిని పడు వంట చేసి ఒకే పంక్తిలో వడ్డింపవలెను.

చదువరులారా! శిబిరము వచ్చువఱకు ఆగనక్కఱలేదు. ఈ రాత్రి మీ యింట వడ్డించుటకు ముందు ఒక్కొక్కరిని "నీకేమి పడదు?" అని యడుగుడు. కోడలిని మొదట నడుగుడు. ఆమె చెప్పినదానిని నమ్ముడు.